అరటిపండు వేయాలా, వద్దా? గ్రీన్ టీ స్మూతీ బౌల్‌ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇదే పేజీలో పొద్దున్నే గ్రీన్ టీ, పండ్లు కలిపి చేసుకునే స్మూతీ బౌల్ గురించి చిన్న ముక్క రాశాం. చల్లారిన గ్రీన్ టీలో ఫ్రీజర్‌లో గడ్డకట్టిన పండ్ల ముక్కలు వేసి మిక్సీ పట్టి, గిన్నెలోకి తీసుకుని, పైన గింజలు, తాజా పండ్లు చల్లుకుని చెంచాతో తినడం, అంతే విషయం. ఆ నాలుగు లైన్లకే చాలా ఉత్తరాలొచ్చాయి. సగం మందికి చేదైంది, మిగతా సగం మందికి నీళ్లైంది, కొందరికి రెండూ అయ్యాయి. అందరికీ కలిపి ఇక్కడ జవాబులు.

ప్ర: మీరు చెప్పినట్టే చేశానండీ. గిన్నెలో పోస్తే జ్యూస్‌లా పారింది, పైన వేసిన బాదం పలుకులన్నీ మునిగిపోయాయి. పైగా పసరు వాసన, చేదు. మా వారు ఒక్క చెంచా తిని గిన్నె పక్కన పెట్టేశారు. ఎక్కడ తేడా కొట్టింది?

జ: రెండు చోట్లా టీ దగ్గరే తేడా కొట్టిందండీ. ముందు చేదు సంగతి చూద్దాం. మామూలు టీ అలవాటున్న చేయి గ్రీన్ టీ మీద కూడా సలసల మరిగే నీళ్లే పోస్తుంది. ఆ వేడికి ఆకులోని కాటెకిన్లు అనే పదార్థాలు, కెఫీన్ ఒక్కసారిగా దిగిపోతాయి, నాలుక మీద తగిలే వగరు, చేదు వాటివే. నీళ్లు 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలి, ఆకు అందులో 2, 3 నిమిషాలకు మించి ఉండకూడదు. థర్మామీటర్ ఏమీ అక్కర్లేదు, నీళ్లు మరిగాక స్టవ్ కట్టేసి మూత తీసి ఐదు నిమిషాలు వదిలేయండి, బుడగలన్నీ అణిగి పల్చగా ఆవిరి మాత్రం వస్తున్నప్పుడు ఆకు వేయండి. టీ బ్యాగ్ అయితే తీసేటప్పుడు చివరి చుక్క కోసం చెంచాతో నొక్కి పిండకండి, ఆ చివరి చుక్కల్లోనే చేదంతా ఉంటుంది.

అసలు వేడి నీళ్ల జోలికే వెళ్లకుండా ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఇష్టం. రాత్రి పడుకునే ముందు చల్లటి నీళ్లలో ఆకు వేసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయడం. పొద్దునకల్లా లేత ఆకుపచ్చ రంగు దిగుతుంది, చేదు బాగా తక్కువ, కెఫీన్ కూడా కొంత తగ్గుతుంది. పండ్లతో కలిపినప్పుడు ఈ టీ రుచే బాగా కుదురుతుంది.

ఇక పల్చబడటం. ఇక్కడ చాలామంది ఒక కప్పు టీ మొత్తం పోసేస్తున్నారు. అలా పోస్తే అది గ్లాసులో తాగే స్మూతీ అవుతుంది కానీ బౌల్ అవదు. రాయిలా గడ్డకట్టిన పండ్ల ముక్కలు 250 గ్రాములుంటే ద్రవం మొత్తం కలిపి 60 నుంచి 80 మిల్లీలీటర్లు చాలు. అంత తక్కువ టీలో రుచి తెలియాలంటే టీ చిక్కగా ఉండాలి, అంటే 100 మిల్లీలీటర్ల నీళ్లకు రెండు టీ బ్యాగులు. ఆకు పెంచండి, సమయం పెంచకండి, ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. ఆ టీలో సగం ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి పెట్టుకుంటే ఇంకా మంచిది, మామూలు ఐస్ వేస్తే కరిగి నీళ్లవుతుంది, టీ ఐస్ కరిగినా టీయే కదా.

మిక్సీ పట్టడంలో కూడా ఒక పద్ధతుంది. జార్‌లో అడుగున టీ, దాని మీద పెరుగు లాంటి మెత్తనివి, అన్నిటికంటే పైన గడ్డకట్టిన ముక్కలు వేయాలి. ముక్కల్ని ఫ్రీజర్ నుంచి తీసి ఐదు నిమిషాలు బయట ఉంచి వేస్తే బ్లేడుకీ మోటారుకీ సుఖం. పల్స్ బటన్‌తో ఆగి ఆగి తిప్పండి. కాసేపటికి మిక్సీ చప్పుడు ఉన్నట్టుండి తేలికైపోతుంది, బ్లేడు గిర్రున తిరుగుతుంటుంది, ముక్కలు మాత్రం పైన కదలకుండా కూర్చుని ఉంటాయి. బ్లేడు చుట్టూ గాలి చేరిందన్నమాట. సరిగ్గా ఇక్కడే అందరూ ఓపిక పోయి ఇంకో అరకప్పు నీళ్లు పోసేస్తారు. పోయకండి. మిక్సీ ఆపి, స్విచ్ తీసేసి, చెంచాతో పైవి కిందికి తోసి మళ్లీ తిప్పండి, ఇలా నాలుగైదు సార్లు చేయాల్సి రావచ్చు. ఒకేసారి రెండు నిమిషాలు ఆపకుండా తిప్పితే మోటారు వేడికే సగం కరుగుతుంది. చెంచా నిలువుగా గుచ్చితే పడిపోకుండా నిలబడాలి, అదీ లెక్క. తినే గిన్నెని కూడా పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి, పైన వేసినవి మునగకుండా తినేదాకా ఉంటాయి.

ప్ర: అరటిపండు వేస్తే గ్రీన్ టీ వల్ల వచ్చే లాభమంతా పోతుందని ఎవరో వీడియోలో చెప్పారు. నేను రోజూ రెండు అరటిపళ్లు వేస్తాను. నిజమా, లేక ఇదీ ఒక పుకారేనా?

జ: పుకారు కాదు, కానీ వీడియోలో చెప్పినంత భయంకరమూ కాదు. విషయం ఏమిటంటే, 2023లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, డేవిస్ పరిశోధకులు ఫుడ్ అండ్ ఫంక్షన్ అనే జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫ్లేవనాల్స్ అనే పదార్థాలున్న అరటిపండు స్మూతీని కొందరితో తాగించి, తర్వాత వాళ్ల రక్తంలో అవి ఎంత చేరాయో కొలిచారు. అవే ఫ్లేవనాల్స్‌ని క్యాప్సూల్‌గా మింగినప్పటితో పోలిస్తే రక్తంలో చేరిన గరిష్ఠ మోతాదు 84 శాతం తక్కువగా వచ్చింది. రకరకాల బెర్రీలతో చేసిన స్మూతీతో ఆ నష్టం కనబడలేదు. గ్రీన్ టీలో మనం గొప్పగా చెప్పుకునే కాటెకిన్లు కూడా ఈ ఫ్లేవనాల్స్ కుటుంబానివే, అందుకే మీ గిన్నెకీ ఈ సంగతి వర్తిస్తుంది.

ఎందుకిలా అంటే, అరటిపండులో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఎక్కువ. కోసి పెట్టిన అరటిపండు ముక్క కాసేపటికి గోధుమ రంగుకి తిరుగుతుంది చూడండి, అది దీని పనే. మిక్సీలో వేసి నుజ్జు చేసినప్పుడు ఇది బయటికొచ్చి టీలోని కాటెకిన్ల మీద పడుతుంది. ఫ్రీజర్‌లో పెడితే ఎంజైము చస్తుందనుకోకండి, నిద్రపోతుందంతే, కరగ్గానే లేస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రెండింటినీ ముందుగా కలపకుండా ఒకే సమయంలో విడివిడిగా తీసుకున్నా కొంత తగ్గుదల కనిపించిందని అదే అధ్యయనంలో ఉంది, అంటే కడుపులో కూడా ఈ పని కొంత జరుగుతోందన్నమాట. కాబట్టి మిక్సీలో వేయకుండా పైన ముక్కలుగా వేసుకుంటే పూర్తిగా తప్పించుకున్నట్టు కాదు.

అయితే ఒకటి గుర్తుంచుకోండి, ఆ 84 శాతం లెక్క తేలిన ప్రయోగంలో ఉన్నది 8 మందే, అందరూ ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు. పోయేది ఫ్లేవనాల్స్ మాత్రమే, అరటిపండులోని పీచు, పొటాషియం ఎక్కడికీ పోవు. అందుకని నేను మిమ్మల్ని తిరిగి అడిగేది ఒక్కటే: గ్రీన్ టీ ఎందుకు వేస్తున్నారు? ఆ లేత వగరు, ఆ సువాసన నచ్చి వేస్తుంటే అరటిపండు హాయిగా వేసుకోండి, గిన్నెకి అంత చిక్కదనం, వెన్నలాంటి మెత్తదనం ఇంకే పండూ ఇవ్వదు. గ్రీన్ టీ మేలు కోసమే వేస్తుంటే మాత్రం ఈ జత కుదరదు, పండు మార్చండి, లేదా అరటిపండు బౌల్ మామూలుగా తిని టీ సాయంత్రం విడిగా తాగండి.

పండు మార్చేవాళ్ల కోసం: మామిడి, అనాస, నారింజ, పెరుగు, వీటిలో ఆ ఎంజైము చురుకుదనం తక్కువ. నేనైతే గడ్డకట్టిన మామిడి ముక్కలు 200 గ్రాములు, స్ట్రాబెర్రీలు 50 గ్రాములు, టీ ఐస్ ముక్కలు మూడు, గుడ్డలో కట్టి నీరు వడకట్టిన గట్టి పెరుగు మూడు పెద్ద చెంచాలు వేస్తాను. అరటిపండు లేని లోటు తీరడానికి ఒక పెద్ద చెంచా చియా గింజల్ని మిగిలిన టీలో ఇరవై నిమిషాలు నానబెట్టి, జెల్లీలా ఉబ్బాక కలపండి. పొడి గింజల్ని మాత్రం అలాగే నోట్లో పోసుకోకండి, అవి తమ బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుంటాయి, గొంతులో ఉబ్బితే ప్రమాదం. మెత్తదనం కోసం అవకాడో వేయొచ్చా అని ఇంకొకరు అడిగారు, కోస్తే అదీ నల్లబడే జాతే కదండీ, ఒక దొంగని పంపేసి ఇంకో దొంగని పిలిచినట్టు.

ప్ర: అనాస, కివీ, పెరుగు, గ్రీన్ టీ కలిపి చేశాను. చేసిన వెంటనే బ్రహ్మాండంగా ఉంది. మా అమ్మాయి స్నానం చేసి వచ్చి తినేసరికి చేదెక్కిపోయింది. పెరుగు పాడైందా?

జ: పెరుగు తప్పు కాదు, టీ తప్పు కూడా కాదు. పచ్చి అనాసలో బ్రోమెలైన్, కివీలో యాక్టినిడిన్, బొప్పాయిలో పపైన్ అనే ఎంజైములుంటాయి, అవి పాల ప్రోటీన్‌ని ముక్కలు చేస్తాయి, ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. ఎంతసేపు ఉంచితే అంత చేదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన పండుకైనా ఇదే గతి. వేడి తగిలితే మాత్రం ఈ ఎంజైములు పనికిరాకుండా పోతాయి, కాబట్టి అనాస ముక్కల్ని పాన్‌లో రసం బుడగలొచ్చేదాకా నాలుగైదు నిమిషాలు వేడిచేసి, చల్లార్చి, తర్వాత గడ్డకట్టించుకోండి. డబ్బాల్లో అమ్మే అనాస ముక్కలు ముందే వేడిచేసినవి కాబట్టి వాటితో ఈ బెడద లేదు. కివీని ఉడికిస్తే రంగూ రుచీ రెండూ పోతాయి, దాన్ని మిక్సీలో వేయకుండా తినే ముందు పైన చక్రాల్లా కోసి పెట్టుకోవడమే మేలు.

ప్ర: బరువు తగ్గడానికి రోజూ పొద్దున ఈ బౌలే తింటున్నాను. గ్రీన్ టీ ఉంది కదా అని తేనె, గ్రనోలా (తీపి కలిపి కరకరలాడేలా వేయించిన ఓట్స్, గింజలు) కొంచెం ధారాళంగానే వేస్తున్నాను. నెల దాటినా బరువు కదలలేదు, పైగా పదింటికల్లా మళ్లీ ఆకలి. టీ ఇంకా చిక్కగా పెట్టాలా?

జ: టీని వదిలేయండి, అది ఈ కేసులో సాక్షి కూడా కాదు. గ్రీన్ టీతో బరువు తగ్గడం గురించి వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి 2012లో కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష ఒకటి వచ్చింది, తగ్గే బరువు చాలా స్వల్పం, వైద్యపరంగా లెక్కలోకి వచ్చేంత కాదు అని తేల్చింది. కాబట్టి గిన్నెలో మిగతా సామాను చూద్దాం. ఒక మధ్యరకం అరటిపండు 105 కేలరీలు, మామిడి ముక్కలు 150 గ్రాములు 90, పెరుగు 100 గ్రాములు సుమారు 60. ఇక్కడిదాకా బాగానే ఉంది. ధారాళంగా అన్నారు కాబట్టి గ్రనోలా 50 గ్రాములు అనుకుందాం, దానికి 230 దాకా వస్తాయి. తేనె రెండు పెద్ద చెంచాలు 120. ఒక పెద్ద చెంచా వేరుశనగ బటర్ కూడా వేస్తుంటే ఇంకో 95. మొత్తం 700, ఇందులో టీ వాటా ఒకటో రెండో కేలరీలు. పండ్లకంటే పైన చల్లుకున్నవే ఎక్కువయ్యాయి చూడండి.

ఆ రెండు చెంచాల తేనెలో 34 గ్రాముల చక్కెర ఉంటుంది. తేనె సహజం కదా అంటారు, నిజమే, కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనెని, పండ్ల రసాన్ని కూడా చక్కెరతో పాటే లెక్కగట్టింది. రోజు మొత్తం కేలరీల్లో అవి 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపైతే ఇంకా మంచిది అంది. 2000 కేలరీలు తినేవాళ్లకి ఆ 5 శాతం 25 గ్రాములే, మీది పొద్దున్నే దాటిపోయింది. పండు బాగా ముగ్గాక గడ్డకట్టించి వాడండి, తేనె అడగదు. అరటిపండైతే తొక్క మీద నల్లచుక్కలు పడ్డాక వలిచి ఫ్రీజర్‌లో పెట్టాలి, తొక్కతో పెడితే తర్వాత చాకుతో యుద్ధమే.

పదింటికి ఆకలి ఎందుకంటే ప్రోటీన్ చాలక, నమలడానికి ఏమీ లేక. వడకట్టిన పెరుగు పెంచండి, 100 గ్రాముల్లో సుమారు 9, 10 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. గ్రనోలా రెండు చెంచాలకు తగ్గించి, ఆ చోటులో బాదం పలుకులో, గుమ్మడి గింజలో కాసిని వేసుకోండి. కొంత పండు మిక్సీలో వేయకుండా ముక్కలుగానే ఉంచండి. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ వాళ్లు స్మూతీ, పండ్ల రసం కలిపి రోజుకి 150 మిల్లీలీటర్లు దాటొద్దంటారు, నుజ్జు చేశాక పండులోని చక్కెర విడివడుతుందనే కారణంతో. నమిలి తిన్న పండుతో ఆ గొడవ లేదు.

ఒక్క హెచ్చరిక. "టీ చిక్కగా" అన్నారు కాబట్టి చెబుతున్నాను, బరువు తగ్గిస్తామంటూ అమ్మే గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ పొడులు, క్యాప్సూల్స్ ఇందులో కలపకండి. కాచిన టీ వేరు, అవి వేరు. సప్లిమెంట్ల రూపంలో రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకుంటే కాలేయానికి చేటు జరిగే సూచనలు కనిపిస్తున్నాయని యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఈజీసీజీ అంటే గ్రీన్ టీలో ప్రధానంగా ఉండే కాటెకినే.

ప్ర: నాకు ఐదో నెల. రక్తం తక్కువుందని డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు. ఈ బౌల్ తినొచ్చా అక్కా?

జ: పండ్ల బౌల్ నిశ్చింతగా తినమ్మా, అందులో గ్రీన్ టీ మాత్రం ఈ కొన్ని నెలలు పక్కన పెడితేనే మంచిదని నా మాట. టీలోని పాలీఫినాల్స్, అంటే కాటెకిన్ల లాంటి పదార్థాలు, మొక్కల ఆహారం నుంచి, మాత్రల నుంచి వచ్చే ఐరన్‌ని పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. నారింజ, స్ట్రాబెర్రీ, కివీ లాంటి విటమిన్ సి ఉన్న పండ్లు కొంత మేలు చేస్తాయి కానీ ఉన్న నష్టమంతా పూడ్చవు. రక్తం తక్కువున్నప్పుడు ఒక పక్క మాత్ర వేసుకుని ఇంకో పక్క దాన్ని అడ్డుకోవడం ఎందుకు? కాఫీ, టీ, చాక్లెట్ అన్నీ కలిపి గర్భిణులకు కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఒక కప్పు గ్రీన్ టీలో సుమారు 30 మిల్లీగ్రాములే ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు తిన్నంత మాత్రాన టెన్షన్ పడనక్కర్లేదు, కాకపోతే మాత్రకీ టీకీ మధ్య కనీసం గంట, రెండు గంటల ఎడం ఉంచు. టీ బదులు నారింజ రసం ఐస్ ముక్కలు వేసుకో, గిన్నె అంతే చిక్కగా వస్తుంది. మీ డాక్టరు గారిని కూడా ఒక మాట అడుగు.

రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, బీపీకి నాడోలాల్ వాడేవాళ్లు కూడా రోజూ గ్రీన్ టీ మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగాలి. ఈ రెండు మందుల పనితనం గ్రీన్ టీ వల్ల మారే వీలుంది.

ప్ర: టీ బదులు మచ్చా, అదే మెత్తటి గ్రీన్ టీ ఆకు పొడి వేశాను. ఫోటోల్లో పచ్చగా మెరిసిపోతుంది కదా, నాకేమో బురద రంగు వచ్చింది. పొడి నకిలీదా?

జ: అందులో బ్లూబెర్రీలు వేశారు కదూ? ఎరుపు, ఊదా రంగు పండ్లు పచ్చ పొడితో కలిస్తే వచ్చేది ఆ రంగే, పొడి ఎంత మంచిదైనా సరే. పచ్చగా కావాలంటే మామిడి, అనాస, పెరుగు లాంటి తెలుపు, పసుపు వాటితో కలపండి, బెర్రీలు పైన పెట్టుకోండి. పచ్చదనం ఇంకా కావాలంటే గుప్పెడు పాలకూర వేసినా రుచి పెద్దగా తెలియదు. పొడిని నేరుగా జార్‌లో వేస్తే ఉండలు కడుతుంది, జల్లించి రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లలో కలిపి వేయండి. ఒక మనిషికి అర టీ చెంచా, అంటే సుమారు 1 గ్రాము, సరిపోతుంది. మచ్చాలో ఆకు మొత్తం పొడిగా కడుపులోకి వెళ్తుంది, వడకట్టి పారేసేది ఏమీ ఉండదు, అందుకే రుచీ కెఫీనూ రెండూ ఘాటే.

ప్ర: మా బాబుకి ఆరేళ్లు. నా గిన్నె చూసి వాడికీ కావాలంటాడు. పెట్టొచ్చా?

జ: టీ లేకుండా పెట్టండి. చిన్నపిల్లలకి కెఫీన్ అవసరం ఏముంది? టీ బదులు పాలు పోసి తిప్పితే వాడికి తేడా తెలియదు, పైన చల్లుకునే పని వాడికే అప్పజెప్పండి. గింజలు మాత్రం సన్నగా తరిగినవే ఇవ్వండి.

ప్ర: పొద్దున అంత టైమ్ ఎక్కడుందండీ? రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా?

జ: మిక్సీ పట్టి పెడితే తెల్లారేసరికి అడుగున నీళ్లు, పైన నురగ. అదే ఫ్రీజర్‌లో పెడితే రాయి. మిక్సీ పట్టే ముందు వరకు ఉన్న పని మాత్రం ముందే చేసి పెట్టుకోవచ్చు. సెలవు రోజున పండ్లన్నీ కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టించండి, తర్వాత మనిషికి 250 గ్రాముల చొప్పున డబ్బాల్లోనో సంచుల్లోనో నింపేయండి. ముందే కలిపి నింపితే అంతా ఒక్క ముద్దై, సుత్తితో కొట్టాల్సి వస్తుంది. టీ ఐస్ ముక్కలు ఒక డబ్బాలో, గింజలు ఒక సీసాలో. ఇవన్నీ సిద్ధంగా ఉంటే పొద్దున మిక్సీ పనే, పది నిమిషాల్లో అయిపోతుంది. ఫ్రీజర్‌లో పండ్లు రెండు, మూడు నెలలు నిల్వుంటాయి, కాచిన టీ ఫ్రిజ్‌లో అయితే మర్నాటికల్లా వాడేయండి. గిన్నెలో మిగిలిపోయింది ఉంటే పారబోయకండి, అచ్చుల్లో పోసి పుల్ల గుచ్చి ఫ్రీజర్‌లో పెడితే సాయంత్రానికి ఐస్‌ఫ్రూట్ అవుతుంది.